జేబులోకి ఏ చాకు: క్యాడెట్టా, ఒపినెలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖలో మద్దిలపాలెం. గాజువాకలో ఎలక్ట్రికల్ సామాన్ల గోడౌన్‌లో స్టాక్ చూస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్టపెట్టెలు, టేపులు, ప్లాస్టిక్ పట్టీలు కొయ్యడమే పని. ఇన్నాళ్ళూ స్టేషనరీ షాపులో దొరికే చవక కట్టర్‌తో నెట్టుకొచ్చాను. మొన్న దాని బ్లేడు ముక్క విరిగి కంటి పక్కనుంచి పోయింది, ఇక చాలనిపించింది. జేబులో పట్టే సన్న మడత చాకు ఒకటి కొందామని చూస్తూ చూస్తూ చివరికి రెండింటి దగ్గర ఆగాను: విక్టోరినాక్స్ వాళ్ళ క్యాడెట్ ఆలాక్స్ (అల్యూమినియం పిడిది), ఒపినెల్ 7వ నంబరు కార్బన్ స్టీలుది. కార్బన్‌కి పదును బాగా ఎక్కుతుందని అందరూ అంటున్నారు. మధ్యాహ్నం పూట జామకాయో మామిడికాయో కోసుకుంటాం, ఆదివారాలు తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గర గాలం వేస్తాం. నా ప్యాంట్లు పల్చటివి, జేబులో ఫోను ఎలాగూ ఉంటుంది. మా ఆవిడైతే "ఇంట్లో కత్తిపీట ఉండగా ఈ పిల్లచాకులెందుకు" అంటోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: క్యాడెట్ తీసుకోండి. ఎందుకో చెబుతాను, కానీ ముందే ఒక మాట, ఉత్త కోత ఒక్కటే లెక్కేస్తే ఒపినెలే మెరుగు. అందులో సందేహం లేదు.

రెండూ నిన్న మొన్న పుట్టిన కంపెనీలు కావు. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల పక్కనున్న సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఈ చెక్కపిడి చాకు చేశాడు, 1897 నుంచి సైజును బట్టి నంబర్లు వచ్చాయి. విక్టోరినాక్స్ స్విట్జర్లాండులోని ఇబాక్ ఊళ్ళో 1884లో మొదలైంది, 1891 నుంచి అక్కడి సైన్యానికి చాకులు ఇస్తోంది. కాబట్టి సరుకు నాణ్యత గురించి బెంగ అక్కర్లేదు. చూసుకోవాల్సిందల్లా మీ జేబు, మీ పని, మన ఊరి గాలి. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఈ చాకుల గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది చలి దేశాల్లో, పొడి గాలిలో కూర్చుని రాస్తారు.

ముందు జేబు సంగతి. క్యాడెట్ మడిస్తే 8.4 సెంటీమీటర్లు, బరువు 46 గ్రాములు, మందం సెంటీమీటరు లోపే, పైగా రెండు పక్కలా చదును. ఫోను పక్కన పెట్టినా ఉన్నట్టు తెలియదు. ఒపినెల్ 7 మడిస్తే 10 సెంటీమీటర్లు, బరువు తక్కువే గానీ పిడి గుండ్రం. పల్చటి ప్యాంటులో ఆ గుండ్రం ఉబ్బెత్తుగా కనపడుతుంది, స్కూటరెక్కి కూర్చున్నప్పుడు అడ్డం తిరిగి తొడకి గుచ్చుకుంటుంది. జీన్స్ వేసుకునేవాళ్ళకి ఇదో లెక్క కాదు, మీకు లెక్కే.

ఇక మన గాలి. ఒపినెల్ మామూలు రకానికి పిడి బీచ్ చెక్కతో చేస్తారు, బ్లేడు మడిచినప్పుడు ఆ చెక్కలో కోసిన సన్న గాడిలో కూర్చుంటుంది. చెక్క తేమ పీలిస్తే ఉబ్బుతుంది, గాడి ఇరుకవుతుంది, బ్లేడు బయటికి రానని మొరాయిస్తుంది. చెమట పట్టిన జేబులో, ఆగస్టులోనో అక్టోబరు ముసురులోనో అయితే చెప్పనే అక్కర్లేదు, గోరు విరుగుతుందేమో గానీ చాకు తెరుచుకోదు. దీనికి సావోయ్ వాళ్ళ దగ్గరే ఒక ఉపాయం ఉంది: మూసిన చాకు పిడి వెనక కొసని గట్టి బల్ల మీద ఠక్కున కొడితే బ్లేడు మొన కొంచెం పైకి లేస్తుంది, దాన్ని పట్టుకుని లాగాలి. బాగానే పనిచేస్తుంది, కానీ పార్శిల్ వచ్చిన ప్రతిసారీ గోడౌన్ బల్ల మీద చాకు కొట్టుకుంటూ కూర్చోవడం మీ మేనేజరుకి ముచ్చటగా ఉంటుందని నేననుకోను. గాడిని సన్న ఇసుక కాగితంతో కాస్త వెడల్పు చేసి, బాగా ఆరబెట్టి, అవిసె నూనె పట్టిస్తే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కార్బన్ స్టీలు మాట. మీరు విన్నది నిజమే, సన్నగా పదును ఎక్కుతుంది, సానరాయి మీద రెండు నిమిషాల్లో మాట వింటుంది. కానీ దానికి తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియం అందులో లేదు. పుల్ల మామిడికాయ కోసి తుడవకుండా పెడితే సాయంత్రానికి బ్లేడు నల్లబడుతుంది, రెండో ముక్కకే ఇనుపవాసన తగులుతుంది. ఆ నలుపు వల్ల నష్టం లేదు, బూడిదరంగు పొరలా పట్టాక అది కొంత రక్షణే. అసలు శత్రువు ఉప్పు. రాళ్ళ దగ్గర కెరటం తుంపర పడ్డ చాకుని అలాగే జేబులో వేసుకుని ఇంటికొచ్చి పడుకుంటే, పొద్దున్నే పిడిలోకి పోయే చోట ఎర్రటి మచ్చలు లేచి ఉంటాయి. బీచ్‌రోడ్డు వైపు ఉండేవాళ్ళని అడగండి, కిటికీ ఊచలు, గేటు గొళ్ళేలు, స్కూటరు సైలెన్సరు ఎన్నాళ్ళు బతుకుతాయో చెబుతారు. రోజూ రాత్రి చాకు తుడిచి నూనె రాసే ఓపిక ఉంటే కార్బన్ కొనండి. ఆ ఓపిక ఉన్నవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను, వాళ్ళెవరూ గోడౌన్లో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొచ్చేవాళ్ళు కారు.

ఒపినెల్ మీదే మనసు లాగుతుంటే కనీసం స్టెయిన్‌లెస్‌ది తీసుకోండి. బ్లేడు మీదే రాసి ఉంటుంది: ఇనాక్స్ అని ఉంటే స్టెయిన్‌లెస్, కార్బోన్ అని ఉంటే కార్బన్. రెంటికీ పదునులో తేడా మీ అట్టపెట్టెలకి తెలియదు, మామిడికాయకి అసలే తెలియదు.

కోత విషయంలో ఒపినెల్ ఎందుకు మెరుగంటే, బ్లేడు 8 సెంటీమీటర్లు ఉంటుంది, వెన్ను నుంచి అంచు దాకా పల్చగా దిగుతుంది, జామకాయలోకి ఒత్తకుండానే పోతుంది. పిడి చేతి నిండా ఉంటుంది. క్యాడెట్ బ్లేడు పొడవు ఆరు సెంటీమీటర్లకి కాస్త పైన, పెద్ద మామిడికాయని ఒక్క కోతలో చీల్చలేదు, చుట్టూ తిప్పుకుంటూ రావాలి. పనసకాయ జోలికైతే రెండింట్లో దేన్నీ తీసుకెళ్ళొద్దు, ఆ జిగురు కీలులో పట్టిందంటే వదిలించడం ఒక పూట పని. అక్కడ మీ ఆవిడ చెప్పిందే రైటు, కత్తిపీటకి నూనె రాసి కూర్చోవాలి.

మరి అన్నిట్లో కోత బాగున్నదాన్ని కాదని క్యాడెట్ ఎందుకంటున్నాను? మీరు రోజంతా కోసేది కాయలు కాదు, టేపులు. దానికి ఆరు సెంటీమీటర్లు ఎక్కువే. పైగా క్యాడెట్‌లో బ్లేడుతో పాటు సీసా మూత తీసేది ఉంటుంది, దాని కొస చదును స్క్రూడ్రైవరు, పక్కన వైరు తొడుగు ఒలిచే గాడి. డబ్బా కోసేదాని మొన చిన్న స్క్రూలకి పనికొస్తుంది. ఇంకోవైపు గోళ్ళ ఆకురాయి. స్విచ్‌బోర్డులు, ఎంసీబీలు ఉండే చోట ఆ స్క్రూడ్రైవరు రోజుకి నాలుగుసార్లయినా చేతికొస్తుంది. కానీ ఒక జాగ్రత్త: దాని పిడి అల్యూమినియం. పైన రంగు పూత ఉన్నా, గీతల డిజైను ఉన్నా అది లోహమే, కరెంటు పారుతుంది. కరెంటున్న వైరు దగ్గర దాన్ని వాడొద్దు, ఇన్సులేషను ఉన్న టెస్టరు వేరే పెట్టుకోండి. ఒపినెల్ చెక్కపిడి కదా అని దాన్ని నమ్మడం కూడా అంతే ప్రమాదం, మెడ దగ్గర లోహపు రింగు ఉంది.

ఆ రింగు గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే క్యాడెట్‌కి లేని సుగుణం అదే. 1955లో పెట్టారు. బ్లేడు తెరిచి రింగుని కొద్దిగా తిప్పితే బిగుసుకుంటుంది, ఇక ఎంత ఒత్తినా బ్లేడు వెనక్కి మడవదు. క్యాడెట్‌కి తాళం లేదు, లోపలి స్ప్రింగే పట్టి ఉంచుతుంది. మామూలు కోతకి అది చాలు, ఒత్తిడి అంచు మీద పడుతుంది కాబట్టి బ్లేడు తెరుచుకునే వైపే నెట్టబడుతుంది. మొనతో పొడిచినా, బ్లేడు వెన్ను మీద దెబ్బ పడినా, ఇరుక్కున్న బ్లేడుని పైకి కిందికి ఊపి లాగినా మాత్రం అది మడుచుకునేది మీ వేళ్ళ మీదికే. అట్టపెట్టె టేపుని మొనతో పొడిచి తెరిచే అలవాటు మన గోడౌన్లలో అందరికీ ఉంది. క్యాడెట్‌తో ఆ అలవాటు మానాలి. అంచుని టేపు మీద వాలుగా పెట్టి లాగండి, లోపలి సరుకు మీద కూడా గీత పడదు. ప్లాస్టిక్ పట్టీలని బ్లేడు మొదట్లో, పిడికి దగ్గరగా పెట్టి మీ ఒంటికి అవతలివైపు కొయ్యండి. పట్టీ తెగి ఎగిరి మొహానికి తగులుతుంది, అది కూడా చూసుకోండి.

ఇంకో నిజం. రెండూ రెండు చేతులతో తెరవాల్సిన చాకులే. ఒక చేత్తో పెట్టె పట్టుకుని ఇంకో చేత్తో చాకు తెరవడం కుదరదు. అందుకే ఆ కట్టర్‌ని పూర్తిగా వదిలెయ్యమని చెప్పను, చవకది పారేసి, బ్లేడు బిగిసే మరతో ఉండే గట్టి కట్టరొకటి గోడౌన్లోనే తాడు కట్టి వేలాడదీయండి. వరసగా లోడు దిగినప్పుడు అది, మిగతా రోజంతా జేబులోది. టేపు జిగురు బ్లేడుకి పట్టి కోత మొద్దుబారినట్టు అనిపిస్తే పదును పోయిందని కంగారు పడకండి, చుక్క కొబ్బరినూనెతో గుడ్డపెట్టి తుడిస్తే వచ్చేస్తుంది.

ఆదివారం గాలానికి క్యాడెట్ తీసుకెళ్ళొచ్చు. దారం తెంపడానికి, ఎరకి రొయ్య ముక్కలు కొయ్యడానికి సరిపోతుంది. దాని బ్లేడు స్టెయిన్‌లెస్‌దే, కానీ స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలు పట్టదని కాదు, ఉప్పునీళ్ళు కీలులో ఆగితే చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. ఇంటికి రాగానే అన్నీ తెరిచి గోరువెచ్చటి మంచినీళ్ళలో ముంచి, తెరుస్తూ మూస్తూ కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి కీలు దగ్గర చుక్క నూనె వెయ్యండి. కాయలు కోసేదానికి కుట్టుమిషను నూనె కన్నా మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మేలు, మలబద్ధకానికి ఇచ్చేదే, కడుపులోకి పోయినా పర్వాలేదు, వాసన రాదు, ఒక సీసా ఏళ్ళ తరబడి వస్తుంది. ఒపినెల్‌ని మాత్రం ఇలా నీళ్ళలో ముంచకూడదు, చెక్క సంగతి పైన చెప్పాను కదా. పడిన చేపని శుభ్రం చెయ్యడానికి రెండూ పనికిరావు, ఫిషింగ్ హార్బర్‌లో కత్తిపీట ముందు కూర్చున్నవాళ్ళకి ఇస్తే మీరు జేబులోంచి చాకు తీసేలోపు పని అయిపోతుంది.

కొనేటప్పుడు నకిలీలు చూసుకోండి. అసలైన క్యాడెట్‌కి బ్లేడు మొదట్లో, పిడిలోకి దూరే చోట విక్టోరినాక్స్ పేరు, స్విస్ మేడ్ అని సన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. ఒపినెల్ బ్లేడు మీద కిరీటం, దాని కింద ఆశీర్వదిస్తున్నట్టున్న చెయ్యి గుర్తు. అవి మసకగా, వంకరగా ఉంటే వదిలెయ్యండి. క్యాడెట్ ధర ఎక్కువే, అది తెలిసే చెబుతున్నాను. డబ్బులు చూసుకోవాల్సి వస్తే ఇనాక్స్ ఒపినెల్ కొని, జేబులో కాకుండా టిఫిన్ బ్యాగులో పెట్టుకోండి, అక్కడ దానికి చెమటా తగలదు, గుండ్రమూ అడ్డురాదు.

ప్రశ్న: ఇలాంటి చాకు జేబులో పెట్టుకుని తిరిగితే పోలీసులతో ఇబ్బందా? నెలకోసారి ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్తుంటాను, ఒకసారి రైల్లో, ఒకసారి విమానంలో. – సీతమ్మధార

జవాబు: 2016 ఆయుధ నియమాల్లో బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది, అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకి చేసినవాటిని మినహాయించారు. పై రెండింట్లో ఒపినెల్ ఆ పొడవులో మూడో వంతు కాస్త దాటుతుంది, క్యాడెట్ అంత కూడా రాదు. అయినా చట్టం వేరు, గేటు దగ్గర మనిషి వేరు. సభలు, ఊరేగింపులు, బందోబస్తు ఉన్న చోటికి వెళ్ళేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్ళండి. స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్ళతో "ఇది జామకాయకండీ" అని వాదించడం టైము దండగ. రైల్లో పళ్ళు కోసుకుంటే ఎవరూ ఏమీ అనరు, కోశాక మడిచి లోపల పెట్టెయ్యండి చాలు. విమానంలో మాత్రం ఎంత చిన్నదైనా చేతి బ్యాగులో వద్దు, లగేజీలో వేసే పెట్టెలో పెట్టాలి. పెట్టె లేకుండా చేతి బ్యాగుతో పోయే రోజున బయల్దేరే ముందు జేబులు తడుముకోండి, లేదంటే తనిఖీ దగ్గర ఉన్న డబ్బాలో వదిలి పోవాల్సిందే, తిరిగి రాదు.

ప్రశ్న: నా దగ్గర క్యాడెట్ ఉంది. పదును పోయింది. పూర్ణా మార్కెట్ వైపు సైకిల్ మీద సాన పట్టేవాళ్ళు కనపడుతుంటారు, ఇవ్వొచ్చా?

జవాబు: వంటింటి కత్తులు, కత్తిపీట, కత్తెర ఇవ్వండి, వాళ్ళ చెయ్యి మంచిదే. ఈ సన్న చాకు మాత్రం వద్దు. తిరిగే చక్రానికి నీళ్ళుండవు, పల్చటి అంచు నిమిషంలో వేడెక్కుతుంది, నీలం రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే, ఎన్నిసార్లు పదును పెట్టినా నిలవదు. పైగా నాలుగేళ్ళలో అరగాల్సిన బ్లేడు ఒక్క పూటలో అరిగిపోతుంది.

హార్డ్‌వేర్ షాపులో గరుకు ఒకవైపు, నున్న ఒకవైపు ఉండే సానరాయి కొనండి. క్యాడెట్‌కి 15 నుంచి 20 డిగ్రీల వాలు సరిపోతుంది. కొలవడానికి ఏమీ అక్కర్లేదు: బ్లేడుని రాయి మీద నిటారుగా నిలబెడితే 90, అందులో సగానికి వంచితే 45, ఇంకో సగానికి 22, దానికన్నా ఒక్క పిసరు కిందికి దించి అక్కడే చెయ్యి స్థిరంగా పెట్టండి. ఒకవైపు రుద్దుతూ ఉంటే అవతలివైపు అంచున వేలి చర్మానికి గరుగ్గా తగిలే సన్న పొర లేస్తుంది. అది మొదటి నుంచి మొన దాకా తగిలితేనే ఆ వైపు అయినట్టు, అప్పుడు తిప్పండి. చాలామంది ఇది రాకముందే తిప్పేసి, గంటసేపు రుద్దినా పదును రాలేదంటారు. చివర పాత తోలు బెల్టు లోపలివైపు మీద, అంచు వెనకబడేలా లాగుతూ అటూ ఇటూ కాసిని సార్లు రుద్దితే ఆ గరుకు పోతుంది. పండిన టమాటా మీద ఒత్తకుండా పెట్టి లాగండి, తొక్కలో దిగితే చాలు.

రాయి కొనేదాకా ఆగలేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు లేని గరుకు రింగు ఉంటుంది చూడండి, అదే సానరాయి.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. రెండింట్లో ఏది నయం?

జవాబు: క్యాడెట్‌లో గోరు పెట్టి లాగే గాడి కుడిచేతి వాళ్ళకి అనువుగా ఉంటుంది, మీకు మణికట్టు తిప్పుకోవాల్సి వస్తుంది. ఒపినెల్ గాడీ అంతే, కానీ బ్లేడు వెన్ను పిడిలోంచి బాగా పైకి ఉంటుంది కాబట్టి రెండు వేళ్ళతో పట్టి లాగెయ్యొచ్చు, రింగు ఎటు తిప్పినా ఒకటే. ఎడమచేతి వాళ్ళ కోసమే 8వ నంబరులో ఒక రకం చేశారు కూడా, కానీ ఇక్కడ షాపుల్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మీరు ఇనాక్స్ 7 తీసుకోండి.

ప్రశ్న: పదకొండేళ్ళ మా అబ్బాయి నా చాకు చూసి తనకీ కావాలని మారాం చేస్తున్నాడు. ఇవ్వొచ్చా అండీ? – భీమిలి

జవాబు: తాళం లేని చాకు ఆ వయసుకి వద్దు. పిల్లల కోసమే ఒపినెల్ 7వ నంబరులో ఒక రకం ఉంది, మొన గుండ్రంగా ఉంటుంది, స్టెయిన్‌లెస్, రింగు తాళం ఉంది. మొదట్లో రింగు తిప్పడం, మూసేటప్పుడు వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించడం మాత్రమే చెయ్యండి, ఆ తర్వాత అరటిపండు, దోసకాయ లాంటివి ఇవ్వండి, మీరు పక్కన కూర్చున్నప్పుడే. మిగతా టైములో చాకు మీ దగ్గరే ఉండాలి, బడి సంచిలోకి అసలు పోకూడదు.